ఊరి వాట్సాప్ గ్రూపులో బూతులు, ఇంటి గుట్లు... రూల్స్ ఎలా పెట్టాలండి?

గోదారిగట్టు

అందరికీ నమస్తే అండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు. 2020 ఆగస్టులో గోదారి పొంగినప్పుడు పడవ ఎక్కడుంది, పాల పేకెట్లు ఎక్కడిస్తున్నారు, ఎవరింట్లోకి నీళ్ళొచ్చేయి అని చెప్పుకోడానికి నేనూ మా ఫ్రెండూ కలిసి ఊరి గ్రూప్ ఒకటి పెట్టేం. అప్పుడు 40 మందిమి, ఇప్పుడు 612. ఊళ్ళో ఉన్నోళ్ళకంటే కువైట్లో, దుబాయ్‌లో, హైదరాబాద్‌లో ఉన్నోళ్ళే ఎక్కువ. వరద లేనప్పుడు కూడా గ్రూప్ బానే నడిచింది, ఎవరు పోయేరు, ఎవరి పెళ్ళి, కొబ్బరికాయ రేటెంత, తీర్థానికి చందా ఎంత, ఇలాగ.

2024 ఎలక్షన్ల నుంచి పాడైపోయింది. రాత్రి తొమ్మిది దాటితే చాలు ఒకడు ఏదో పార్టీ వీడియో పడేస్తాడు, ఇంకోడు నవ్వు బొమ్మ పెడతాడు, పది నిమిషాల్లో తిట్లలోకి అమ్మలు అక్కలు అందరూ వచ్చేస్తారు. మా ఊళ్ళో బూతు అంటే కొత్తేం కాదండి, మా పెదనాన్న గేదెని కట్టేసేటప్పుడు కూడా తిట్టే కట్టేస్తాడు, ప్రేమగా పిలిచినా అదే తిట్టు. రేవులో అంటే గాల్లో పోద్ది. గ్రూపులో రాస్తే పొద్దున్న కాఫీ తాగుతా మా అత్త చదువుద్ది, టెన్త్ చదివే ఆవిడ మనవరాలు చదువుద్ది. పైగా తిట్లు మెల్లిగా కులం దాకా వెళ్తున్నాయి. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు మాకు ఎన్ని రోజులు నెట్ ఆపేసేరో గుర్తున్నోళ్ళకి నేనెందుకు భయపడతన్నానో అర్థమవుద్ది.

రెండోది అసలు విషయం. పోయిన నెల మా ఊరి అమ్మాయి ఒకత్తి ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోయింది. వాళ్ళ బాబాయి వరసాయన ఆ అమ్మాయి హాల్ టికెట్ ఫోటో తీసి కనపడితే చెప్పండి అని గ్రూపులో పెట్టేసేడు. ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, అన్నీ అందులోనే. అమ్మాయికి 19 ఏళ్ళు. నేను చూసేసరికి గంటన్నర అయ్యింది, అందరికీ పోయేలా డిలీట్ కొట్టేను కానీ అప్పటికే పక్కూరి గ్రూపుల్లో తిరిగేస్తంది, దాని కింద ఎవడో కామెంట్లు కూడా రాసి పంపేడు. ఆ అమ్మాయి రెండో రోజు ఫోన్ చేసి నేను బానే ఉన్నానని వాళ్ళమ్మకి చెప్పింది. ఫోటో మటుకు ఇంకా తిరుగుతానే ఉంది.

ఇది కాక పెన్షన్ కోసం ఆధార్ కార్డులు రెండు వైపులా తీసి గ్రూపులో పెట్టేవాళ్ళు, చందాల కోసం ఆసుపత్రి రిపోర్టులు పెట్టేవాళ్ళు, ఫలానా వాడు నా అప్పు ఎగ్గొట్టేడు అని ప్రామిసరీ నోటు ఫోటో పెట్టేవాళ్ళు.

అడ్మిన్లం ఐదుగురం. రూల్స్ రాద్దాం అనుకుంటన్నాం. ఏ మాటలు నిషేధం అని లిస్ట్ రాయాలా? పెద్దోళ్ళని ఎలా తీసేస్తాం, సొంత మేనమామని రిమూవ్ చేస్తే పండక్కి వాళ్ళింటికి వెళ్ళాలా వద్దా? ఇంకోటి, ఎవడైనా కేసు పెడితే అడ్మిన్‌ని లోపలేస్తారు అంటన్నారు, నిజమేనా? చేసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

మల్లన్నగుట్ట

అన్నా మాది జగిత్యాల దిక్కు. మా ఊరి గ్రూప్‌ల గూడ సగం మంది గల్ఫ్‌లనే ఉంటరు, నేను నాలుగేండ్ల సంది అడ్మిన్. నువ్వు చెప్పినయన్నీ మాకు అయినయి, ఒక్క వరద తప్ప.

లిస్ట్ మాత్రం రాయకు. మేం రాసినం, 23 మాటలు. రాసినంక అయిందేందంటే పోరగాండ్లు ఆ లిస్టునే స్టేటస్ పెట్టుకున్నరు. ఆ 23 కాకుండ 24వ మాట కనిపెట్టుడు ఆట అయిపోయింది. పైంగ మా దిక్కు నీయవ్వ అంటే అది తిట్టు గాదు, ఆశ్చర్యమేస్తే అంటం, నవ్వొస్తే అంటం, ఎండ కొడితే అంటం. అది లిస్టుల పెట్టినందుకు ఒక ముసలాయన ఫోన్ జేసి మరి నేనేం మాట్లాడాల్రా అని అడిగిండు, నా దగ్గర జవాబు లేదు.

తర్వాత లిస్ట్ తీసేసి ఒక్కటే పెట్టినం. ఊకె నోట్లెకెళ్ళి వచ్చిన మాట వేరు, మనిషి దిక్కు సూపిచ్చి అన్న మాట వేరు. ఎండని తిట్టు, కరెంటోన్ని తిట్టు, నీ కిస్మత్‌ని తిట్టు, గ్రూప్‌ల ఉన్న మనిషిని, ఆ మనిషి ఇంట్ల ఆడోళ్ళని అనద్దు. కులం పేరు తీస్తే మాత్రం వార్నింగ్ లేదు, సక్కగ బయటికే. కుంటోడు, గుడ్డోడు అనుడు గూడ బంద్ పెట్టినం, అది మా గ్రూప్‌ల ఉన్న ఒక తమ్ముడు, పోలియో ఉన్నది ఆయనకు, ఆయన అడిగితే పెట్టినం. అప్పటిదాంక మాకు అసలు ఆ సోయే లేదు.

మేనమామ ముచ్చట చెప్తా. మేం ఏం జేసినమంటే ఎవరి సుట్టం తప్పు జేస్తే ఆ అడ్మిన్ దాంట్ల చెయ్యి పెట్టద్దు, మిగిలినోళ్ళు సూస్కోవాలె. నీ మేనమామని నువ్వు తియ్యకు, ఇంకో అడ్మిన్ తీస్తడు, రేపు ఆయన బావని నువ్వు తీస్తవు. నాకు తెల్వదు మామా, వాళ్ళే తీసిన్రు అని చెప్పుకోవచ్చు, పండుగకు పోయి గారెలు తినచ్చు 😀 మొదటిసారి గ్రూప్‌ల అనకు, విడిగ ఫోన్ జెయ్యి. నలుగుట్ల అన్నవంటే మనిషి మొండికేస్తడు. రెండోసారి ఏడు రోజులు బయట. ఏడో రోజు నువ్వే మళ్ళ యాడ్ జెయ్యాలె, ఆయన అడిగేదాంక సూడద్దు. గిది మర్చిపోతే మనిషి పగ పట్టి ఇంకో గ్రూప్ పెడ్తడు, మా ఊర్ల ఇప్పుడు మూడు గ్రూపులున్నయి గట్లనే.

జరిమానా మాత్రం పెట్టకుర్రి. ఒకసారి 100 రూపాయలు గుడికి అని పెట్టినం, ఒకడు 500 ఫోన్‌పే కొట్టి ఐదు తిట్లు తిట్టిండు.

పాతపలక

ఆ ఐదు తిట్ల ఆయనకి నా నమస్కారం.

రిటైరైన తెలుగు మాస్టార్ని. నా మాట కొంచెం ఎదురుగా ఉంటుంది, ఏమనుకోకండి. బూతు మీద ఇంత యుద్ధం అనవసరం అని నా ఉద్దేశం. మీరు మర్యాద అనుకుంటున్న మాటల్లోనే ఎక్కువ విషం ఉంటుంది. 'వెధవ' అన్నది ఈరోజు ఎవరికీ బూతుగా అనిపించదు, టీచర్లుగా మేమూ రోజుకి పదిసార్లు అనేవాళ్ళం, అది విధవ అన్న మాటలోంచే వచ్చింది, అంటే భర్త పోయిన ఆడమనిషి పేరే మనకి తిట్టయి కూర్చుంది. 'ముండ' సంగతీ అంతే. అవి రోజూ నడుస్తాయి. ఎవడో రైతు కాలవలో నీళ్ళు రాక విసిగి ఒక పచ్చి మాట అంటే మాత్రం సభ్యత పోయిందంటాం.

ఇంకో సంగతి. 'తమరి వంటి చదువుకున్నవారికి మా బాధ ఎక్కడ అర్థమవుతుంది లెండి' అనే వాక్యంలో ఒక్క బూతు లేదు. మా గ్రూపులో దాని మీదే ఆరు నెలలు గొడవ నడిచింది. కాబట్టి మల్లన్నగుట్ట గారు చెప్పినదే నయం, మాట చూడొద్దు, అది ఎవరి మీదకి పోతోందో చూడండి.

ప్రైవసీ విషయంలో మాత్రం మీరు ఎంత కఠినంగా ఉంటే అంత మంచిది. తిట్టుకి సారీ చెప్పొచ్చు. ఆ పిల్ల హాల్ టికెట్‌కి ఎవరు సారీ చెప్తే వెనక్కొస్తుంది?

జూనియర్‌కోటు

జైలు ప్రశ్నకి ఎవరూ ఆన్సర్ ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నా. నేను జిల్లా కోర్టులో జూనియర్ లాయర్‌ని, ఇది లీగల్ ఒపీనియన్ కాదు, మీ కేసు అంటూ వస్తే మంచి సీనియర్‌ని పట్టుకోండి.

మెంబర్ ఎవడో పెట్టిన మెసేజ్‌కి కేవలం అడ్మిన్ అయిన పాపానికి మిమ్మల్ని బాధ్యుణ్ణి చెయ్యరు. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు ఈ మాటే చెప్పాయి. వాళ్ళ లాజిక్ సింపుల్, అడ్మిన్‌కి అప్పట్లో ఉన్న పవర్ మనుషుల్ని చేర్చడం, తీసెయ్యడం, అంతే, మెసేజ్ పడకముందు చదివి ఆపే వీలు లేదు కదా. కానీ మీరూ వాడూ ముందే అనుకుని చేసినట్టు ఉంటే అది వేరే కథ. కింద మీరు కూడా చప్పట్ల బొమ్మ పెట్టారనుకోండి, అవతలి లాయర్ దాన్ని వదలడు. అందుకే అడ్మిన్లు గొడవలో ఎమోజీ కూడా పెట్టకండి.

బూతు మాట వాడితేనే అశ్లీలం కేసు అయిపోదు. 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు, తిట్లు అసహ్యంగా ఉండొచ్చు గానీ అంతమాత్రాన అది అశ్లీలం కాదు అని ఐటీ చట్టం 67 కింద పెట్టిన కేసు కొట్టేసింది. అదే చట్టంలో, నొప్పించే మెసేజ్ పెడితే జైలు అనే 66ఏ చూపించి ఇంకా బెదిరించేవాళ్ళు ఉంటారు, ఆ సెక్షన్‌ని 2015లోనే కోర్టు కొట్టేసింది, భయపడక్కర్లేదు.

భయపడాల్సింది కులం తిట్టుకి. అది 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. పబ్లిక్‌కి తెలిసేలా అవమానించి ఉండాలి అనే షరతు అందులో ఉంది, ప్రైవేట్ గ్రూప్ దాని కిందకి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకుంటారు గానీ యూట్యూబ్ వీడియో కేసులో కేరళ హైకోర్టు 2022లో ఆన్‌లైన్ అవమానం కూడా వస్తుందని చెప్పింది. ఆ చట్టంలో ముందస్తు బెయిల్ దొరకడం చాలా కష్టం. మీ కువైట్ బ్రదర్స్‌కి ఇది చెప్పండి, సెలవుకి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో తెలుస్తుంది లేకపోతే.

ఆ అమ్మాయి విషయం. 19 ఏళ్ళంటే మేజర్, ఎక్కడికి వెళ్ళాలో తన ఇష్టం. కంగారుంటే పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ కంప్లైంట్ ఇవ్వాలి, ఊరి గ్రూపులో కాదు. చిన్నపిల్లలు తప్పిపోతే సంగతి వేరు, 112కి (పోలీస్), 1098కి (పిల్లల హెల్ప్‌లైన్) చెప్పి, ఫోటో పెట్టినా తల్లిదండ్రుల పర్మిషన్‌తో పెట్టి, దొరకగానే తీసెయ్యాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మంది 2017 ఆగస్టు 24న చెప్పారు, అందరూ కోట్ చేస్తారు, అయితే అది చూపించి మీ ఊరి బాబాయిని డైరెక్టుగా ఏం చెయ్యలేం. 2023లో వచ్చిన డేటా చట్టం కూడా మనుషులు తమ సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారానికి వర్తించదు, అంటే మీలాంటి గ్రూపుల దగ్గర దానితో పెద్ద పని జరగదు. అందుకే మీ రూల్ ముఖ్యం. చట్టం వచ్చేసరికి ఫోటో పది ఊళ్ళు తిరిగేసి ఉంటుంది.

ఆధార్‌కి మాత్రం దారి ఉంది. మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్ వెబ్‌సైట్‌లోనే డౌన్‌లోడ్ అవుతుంది. అసలు గ్రూపులో ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు గానీ.

గోదారిగట్టు

@జూనియర్‌కోటు ఎందుకంటే మా గ్రామ సచివాలయంలో పనిచేసే కుర్రోడు గ్రూపులో ఉన్నాడండి, ఆయనకి విడిగా పంపడం ముసలోళ్ళకి రాదు, గ్రూప్ ఒకటే పైన కనపడద్ది వాళ్ళకి.

ఫిల్టర్‌బాధితుడు

నేను గ్రూప్-2 ప్రిపేర్ అయ్యేవాళ్ళ టెలిగ్రామ్ గ్రూప్‌లో మోడరేటర్‌ని. వాట్సాప్‌లో ఈ సౌకర్యం లేదు కాబట్టి మీరు బతికిపోయారు, మేం మాత్రం బూతులకి బాట్ పెట్టి చచ్చాం. తెలుగులో మాట చివర ఒత్తులు గుణింతాలు అతుక్కుంటాయి కదా, ఆ బాట్‌కి ముక్క కనపడితే చాలు, మొత్తం లేపేస్తుంది. ఒకతను 'వస్తుంటే ఆటో గుద్దింది, ఎగ్జామ్ సెంటర్‌కి ఎవరైనా లిఫ్ట్ ఇస్తారా' అని పెడితే బూతు అని మెసేజ్ తీసేసి అతన్ని 24 గంటలు మ్యూట్ చేసింది. పాపం నిజంగానే దెబ్బ తగిలింది అతనికి. మేం చూసుకునేసరికి ఎగ్జామ్ అయిపోయింది. అసలు తిట్టేవాడేమో ఇంగ్లీష్ అక్షరాల్లో మధ్యలో చుక్కలు పెట్టి హాయిగా తిట్టుకుంటున్నాడు.

ఇప్పుడు బాట్ డిలీట్ చెయ్యదు, మాకు గంట కొడుతుంది అంతే, మనిషి చూసి తీస్తాడు. ఇంకో పని చేశాం, ఫోన్ నంబర్‌లా పది అంకెలు వరసగా కనపడితే మాత్రం వెంటనే తీసేస్తుంది, అడగదు. అది మాకు బాగా పనికొచ్చింది, బూతుల బాట్‌కంటే వందరెట్లు.

చేపలచెరువు_అక్క

ఇంతమంది రాశారు, అందరూ మగాళ్ళే అనుకుంటా, ఒక్కరూ నంబర్ల గురించి అనలేదు, చివర్లో ఈ టెలిగ్రామ్ తమ్ముడు కొంచెం అన్నాడు. అందుకే రాస్తున్నా.

మాది భీమవరం పక్కన. మా ఆయన మస్కట్. మా ఊరి గ్రూపులో నన్ను ఎవరు చేర్చారో నాకిప్పటికీ తెలీదు, అడగలేదు. 400 మందికి నా నంబర్ కనపడుతుంది, అందులో నాకు తెలిసినోళ్ళు యాభై మంది. గుళ్ళో అన్నదానానికి కూరగాయలు నేను తెస్తాను అని ఒకే ఒక్క మెసేజ్ పెట్టా. ఆ రాత్రి పదకొండింటికి హాయ్ వదినా అని ఒకటి. డీపీ బాగుంది అని ఒకటి. ఎవరు నువ్వు అంటే మీ ఊరోడినే వదినా, గుర్తు పట్టలేదా అంటాడు. బ్లాక్ చేస్తే ఇంకో నంబర్. అడ్మిన్‌కి చెప్పా, మీరు డీపీ తీసెయ్యండమ్మా అన్నాడు. డీపీ తియ్యలేదు, గ్రూపులోంచి బయటికొచ్చేశా. నాతో పాటు తొమ్మిది మంది ఆడాళ్ళం బయటికొచ్చాం, ఎవరూ గమనించలేదు కూడా. మీ 612లో ఆడాళ్ళు ఎంతమంది, వాళ్ళలో మెసేజ్ పెట్టేవాళ్ళు ఎంతమందో ఒకసారి చూడండి తమ్ముడూ.

బూతులు చూసి మేం వెళ్ళిపోయాం అనుకుంటారు మీరు. బూతులు మేం చిన్నప్పట్నుంచి వింటున్నాం, మా చెరువు మీద కూలీలు మాట్లాడే దాని ముందు మీ గ్రూప్ ఎంత. మమ్మల్ని వెళ్ళగొట్టింది హాయ్ వదినానే.

అందుకని నా రూల్స్ నేను చెప్తా. అడక్కుండా ఎవర్నీ చేర్చొద్దు, లింక్ పంపండి, వాళ్ళిష్టమైతే వస్తారు. గ్రూపులోంచి నంబర్ తీసుకుని విడిగా మెసేజ్ పెట్టాలంటే ముందు గ్రూపులోనే అడగాలి, వద్దన్నాక పెడితే ఆ రోజే బయటికి. అందరూ చదివే వార్తలకి కమ్యూనిటీ పెట్టి అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడండి, అందులో మామూలు సభ్యుల నంబర్లు ఒకళ్ళకొకళ్ళకి కనపడవు, అడ్మిన్లకి తప్ప. ఇంకోటి, ఒక ఆడమనిషిని అడ్మిన్ చెయ్యండి. పేరుకి కాదు, డిలీట్ చేసే అధికారంతో.

జూనియర్‌కోటు

అక్క చెప్పింది కరెక్ట్. వద్దని చెప్పాక కూడా ఒక స్త్రీకి పదేపదే మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78 కింద నేరం. స్క్రీన్‌షాట్లు తియ్యండి, బ్లాక్ చేసేముందే. డీపీ తియ్యమన్న అడ్మిన్ నంబర్ కూడా దాచుకోండి 🙏

గోదారిగట్టు

అక్కా మీరు చెప్పినాక లెక్కపెట్టేను. 612లో ఆడాళ్ళు 171 మంది. ఈ నెలలో మెసేజ్ పెట్టినోళ్ళు ఆరుగురు. అందులో ఒకరు మా అమ్మ. నిజం చెప్పాలంటే నేను ఆరేళ్ళ నుంచి అడ్మిన్‌ని, ఒక్కసారి కూడా చూసుకోలేదు.

నిన్న రాత్రి అడ్మిన్లం ఐదుగురం కాల్‌లో కూచున్నాం, కువైట్ ఆయన డ్యూటీ దిగేక ఒంటిగంటయ్యింది. ఒప్పుకున్నవి ఇవి. బూతుల లిస్ట్ లేదు. మనిషి మీదకి, ఇంట్లో ఆడాళ్ళ మీదకి వెళ్తే ఫోన్ చేసి చెప్తాం, మళ్ళీ అంటే ఏడు రోజులు. కులం ఎత్తితే ఇంక మాటల్లేవు. ఇంకో మనిషి ఫోటో, కార్డు, రిపోర్టు, అప్పు కాయితం వాళ్ళు ఒప్పుకుంటేనే, మేజర్ అయిన మనిషి ఎక్కడికెళ్ళింది అన్నది గ్రూపు విషయం కాదు. చందా అడగాలంటే రోగం పేరు రాయక్కర్లేదు, అడ్మిన్ ఒకరు వెళ్ళి చూసొచ్చి నిజమే అని రాస్తారు, అది చాలు. సచివాలయం కుర్రాడి నంబర్ పేద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి రామాలయం గోడకి అంటించేం, ఆధార్లు ఆయనకే పంపమని, ఫోన్ రానోళ్ళది పక్కింటోళ్ళు పంపిస్తారు. ఆయన ఒప్పుకున్నాకే అంటించేమండి, అడిగేం 😅

పార్టీ వీడియోల మీద మటుకు కుదర్లేదు. ఇద్దరు ఆపేద్దామన్నారు, ఇద్దరు కుదరదన్నారు, నేను తేల్చలేకపోయేను. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా అడ్మిన్లే పోస్ట్ చేసేలా తాళం వేద్దాం అని ప్రస్తుతానికి అనుకున్నాం. వరదొస్తే తీసేస్తాం.

ఆడ అడ్మిన్ కోసం అంగన్‌వాడీ టీచర్‌గారిని అడిగేను. నేను చేస్తాను గానీ ముందు నా నంబర్ ఎవరెవరికి కనపడద్దో చెప్పు అన్నారు. కమ్యూనిటీలో అడ్మిన్ నంబర్ అందరికీ కనపడద్ది కదా అక్కా? దీనికేమైనా దారి ఉందా, వేరే సిమ్ము తీసుకోమనాలా?

చేపలచెరువు_అక్క

వేరే సిమ్ము ఆవిడ డబ్బులతో కాదు, తీర్థం చందాలోంచి కొనివ్వండి. రాత్రి తొమ్మిది తర్వాత స్విచాఫ్ చేస్తానంటే చెయ్యనివ్వండి.

మల్లన్నగుట్ట

గంతే. ఇంకొకటి అన్నా, హాల్ టికెట్ పెట్టిన బాబాయిని ఏం జేసిన్రు?

గోదారిగట్టు

ఆయన మా మేనమామేనండి. మీరు చెప్పినట్టే ఇంకో అడ్మిన్ తీసేడు. ఇంకా మూడు రోజులుంది.